మన బడి రిజిస్టరు చూపించిన దారి

2015 జూలైలో గోదావరి పుష్కరాలకు నాన్నగారిని తీసుకుని కొవ్వూరు వెళ్ళాను. గోష్పాద క్షేత్రం రేవులో ఎలాగో చోటు సంపాదించి పిండప్రదానానికి కూర్చున్నాం. పంతులుగారు ఒక్కొక్క పేరే అడుగుతున్నారు. తండ్రి, తాత, ముత్తాత పేర్లు నాన్నగారు తడుముకోకుండా చెప్పారు. తల్లి పేరు చెప్పారు. "నాయనమ్మగారి పేరు?" అన్నారు పంతులుగారు. నాన్నగారు నా వైపు చూశారు. వెనక కూర్చున్న మా బాబాయి కూడా తల అడ్డంగా ఊపాడు. "ఫరవాలేదండీ, మనసులో తలుచుకోండి" అని పంతులుగారు మంత్రంలోకి వెళ్ళిపోయారు.

తిరుగు ప్రయాణంలో చాలాసేపటికి నాన్నగారు ఒక మాట అన్నారు. "పేరూ తెలీదు, మొహమూ తెలీదు. ఏమని తలుచుకోను రా?"

ఆవిడ గురించి మా ఇంట్లో మిగిలింది ఒకటే వాక్యం. "మొగుడు రంగూన్ పోయాక, పిల్లాణ్ణి వదిలేసి పుట్టింటికి పోయింది, మళ్ళీ రాలేదు." ఆ పిల్లాడు మా తాతయ్య. ఆయన్ని పెంచింది మేనత్త. ఆ వాక్యం ఆవిడ నోటి నుంచి వచ్చిందే. తాతయ్య మాత్రం తల్లి ఊసు ఎప్పుడూ ఎత్తేవారు కాదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన పోయారు. అడగాలని ఆ వయసులో నాకు తోచలేదు.

సావనీరుకి ఏదైనా రాయమని మన సంఘం మిత్రులు అడిగినప్పుడు, ఆ పేరు కోసం నేను చేసిన వెతుకులాట గురించి రాస్తానన్నాను. ఊళ్ళు పట్టి తిరిగి తిరిగి నేను వెతికిన ముడి చివరికి విడింది మన బడి బీరువాలోనే.

ఇల్లు కదల్లేదు, జిల్లాలు మారాయి

వృత్తిరీత్యా నేను కాలువల ఇంజనీరుని. భూసేకరణ ఫైళ్ళతో ముప్పై ఏళ్ళ సహవాసం. ఆర్.ఎస్.ఆర్., అడంగల్, ఎఫ్.ఎం.బి. పటం, ఇవన్నీ చూడగానే చదవగలను. అందుకని, ఇదెంత పని అనుకున్నాను. మొదటి అడుగులోనే బోర్లా పడ్డాను.

పాత కాగితం ఎక్కడుందో వెతకాలంటే, అది పుట్టిన రోజున మన ఊరు ఏ జిల్లాలో ఉందో ముందు తెలియాలి. నరసాపురం, భీమవరం, తణుకు వైపు తాలూకాల సంగతే చూడండి. 1859లో పాత రాజమండ్రి, మచిలీపట్నం జిల్లాలను మార్చి గోదావరి, కృష్ణా జిల్లాలు చేసినప్పుడు ఇవి గోదావరి జిల్లాలోకి వచ్చాయి. 1904లో వీటిని కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో కృష్ణా నుంచి విడదీసి పశ్చిమ గోదావరి జిల్లా చేశారు. 2022 ఏప్రిల్‌లో ఆ జిల్లా కూడా మళ్ళీ ముక్కలయింది. మా ముత్తాత పుట్టింది గోదావరి జిల్లాలో, కాపురం చేసింది కృష్ణా జిల్లాలో, పోయింది పశ్చిమ గోదావరి జిల్లాలో. మూడూ ఒకే ఇంట్లో!

దానికి తోడు రాజధానులు మారాయి. 1953 దాకా మనది మద్రాసు రాష్ట్రం. కాబట్టి పై స్థాయి ప్రభుత్వ రికార్డు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో చూడాలి, కొంత హైదరాబాదు తార్నాకలో చూడాలి. గ్రామాల లెక్కలు కలెక్టరేట్లలో, మండల ఆఫీసుల్లో ఉంటాయి. తేదీలతో ఇంకో తంటా. రెవెన్యూ కాగితాల్లో ఉండేది ఫసలీ సంవత్సరం. దానికి 590 కలిపితే మన లెక్కలో సంవత్సరం వస్తుంది. ఫసలీ 1310 అంటే 1900 జూలై నుంచి 1901 జూన్ వరకు. ఈ చిన్న కూడిక తెలియక నేనే ఒకసారి ఏడాది పక్కకి వెతికాను.

సెలవులు పెట్టుకుని రెండు చోట్లకీ వెళ్ళాను. హెన్రీ మోరిస్ 1878లో రాసిన గోదావరి జిల్లా చరిత్ర, హెమింగ్వే 1907లో తెచ్చిన గెజిటీరు చదివాను. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్ట మన తాతల బతుకుల్ని ఎలా మార్చిందో ఇంజనీరుగా నాకు తెలిసినదానికంటే ఎక్కువ తెలిసింది. మన ఊరి గురించీ బోలెడు తెలిసింది. మా తాతమ్మ జాడ మాత్రం ఎక్కడా లేదు.

రీసెటిల్మెంటు రిజిస్టరులో సర్వే నంబరు, విస్తీర్ణం, మాగాణా మెట్టా, నేల తరం, ఎకరానికి శిస్తు, పట్టాదారు పేరు ఉంటాయి. మా ముత్తాత తండ్రి పేరు అందులో దొరికింది. రెండెకరాల చిల్లర. శిస్తు ఎవరు కడతారో వాళ్ళ పేరే ఆ లెక్కకు కావాలి. ఆ ఇంట్లో అన్నం ఎవరు వండారో దానికి అక్కర్లేదు.

రంగూన్ వెళ్ళినవాడికి కాగితం లేదు

పోనీ ముత్తాత ప్రయాణం వైపు నుంచి వెతుకుదామనుకున్నాను. 1860లో మద్రాసు నుంచి దక్షిణాఫ్రికా నటాలుకు మొదటి ఓడ వెళ్ళింది మొదలు, ఒప్పందం మీద పోయిన కూలీల పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు ఓడ జాబితాల్లో రాసుకున్నారు. నటాలులో, మారిషస్‌లో, ఫిజీలో ఉన్న తెలుగువాళ్ళ మునిమనవలు ఈనాడు ఆ జాబితాలు పట్టుకునే తమ ఊళ్ళు వెతుక్కుంటూ వస్తున్నారు. ముత్తాత పేరూ అలాగే దొరుకుతుందని ఆశపడ్డాను.

బర్మా కథ వేరు. 1937 ఏప్రిల్ 1 దాకా అది బ్రిటిషిండియాలో ఒక రాష్ట్రమే. కాకినాడలోనో విశాఖలోనో డెక్కు టిక్కెట్టు కొనుక్కుని ఓడ ఎక్కితే అది పరదేశ ప్రయాణం కింద లెక్క కాదు. మేస్త్రీ ఇచ్చిన బయానా పుచ్చుకుని మన కోస్తా నుంచి వేలమంది అలా వెళ్ళి రంగూన్ రేవులో మూటలు మోశారు, ధాన్యం మిల్లుల్లో పనిచేశారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళందరికీ కోరంగీలనే పేరు పడింది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ మధ్య పెద్ద అల్లర్లు జరిగాయి. ఆ మరుసటి ఏడు మా ముత్తాత ఉబ్బసంతో ఇల్లు చేరాడని నాన్నగారు వినికిడిగా చెబుతారు. వెళ్ళినట్టుగానీ వచ్చినట్టుగానీ కాగితం ఒక్కటి దొరకలేదు.

అక్కడితో రెండేళ్ళు వదిలేశాను.

బీరువాలో అడుగు అర

స్వర్ణోత్సవాల కోసం పాత విద్యార్థుల జాబితా తయారు చేయాలని సంఘం అనుకున్నప్పుడు, పాత అడ్మిషన్ రిజిస్టర్లు చూసే పని నేనూ ఇంకో ఇద్దరు మిత్రులూ ఒప్పుకున్నాం. హెడ్మాస్టరుగారు ఆఫీసు గదిలో ఇనుప బీరువా తీయించారు. మన బడి జిల్లా పరిషత్తుది కాకముందు బోర్డు హైస్కూలు, అంతకుముందు ఎలిమెంటరీ బడి అని మనందరికీ తెలిసిందే. ఆ ఎలిమెంటరీ కాలపు పుస్తకాలు అడుగు అరలో, గుడ్డ మూటలో ఉన్నాయి. అట్టలు ఊడిపోయాయి. అంచులు చెదలు తినేసింది. లోపలి సిరా మాత్రం నిక్షేపంగా ఉంది.

1919 జూన్ పేజీలో తాతయ్య పేరు కనిపించింది. రెండో తరగతిలో చేరారు. పుట్టిన తేదీ 1-7-1913. మనలో సగంమందికి జూన్, జూలై నెలల్లో పుట్టినరోజు పెట్టిన మాస్టార్ల సంప్రదాయం అప్పటికే ఉందన్నమాట! కాబట్టి ఆ తేదీని నేను ఏడాది అటూ ఇటూగానే తీసుకున్నాను. మశూచి టీకా వేయించారా అన్న గడిలో అవునని ఉంది. సంరక్షకుడి గడిలో మేనత్త భర్త పేరు ఉంది. ఇంతవరకు ఇంట్లో చెప్పుకున్నదానికి సరిపోయింది.

ఆ పక్క గడి దగ్గర నేను ఆగిపోయాను. "ఇంతకుముందు చదివిన బడి." అందులో మా ఊరి పేరు లేదు. పన్నెండు మైళ్ళ అవతల ఇంకో ఊరి పేరు ఉంది. మొదటి తరగతి అక్కడ చదివినట్టు రాసి ఉంది.

మా వాళ్ళకి ఆ ఊళ్ళో ఎవరూ లేరు. ఉంటే గింటే అది తాతమ్మ పుట్టిల్లయి ఉండాలి. ఆవిడ పిల్లాణ్ణి వదిలేసి పోతే, ఆ పిల్లాడు ఆవిడ ఊళ్ళో మొదటి తరగతి ఎలా చదివాడు?

నాతో ఉన్న మిత్రుడు "ఏమైంది రా?" అన్నాడు. చెప్పాను. వాడు ఇంకేం మాట్లాడకుండా ఆ పేజీ రెండుసార్లు ఫోటో తీశాడు.

పసుపు కుంకుమల పొలం

ఊరు తెలిసింది కాబట్టి దారి తెలిసింది. రిజిస్ట్రేషను ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజుల నకళ్ళన్నీ 1వ పుస్తకంలో ఎక్కిస్తారు. దానికి రెండు సూచికలు. మొదటిది మనుషుల పేర్లతో, రెండోది ఊరూ ఆస్తుల వివరాలతో. రుసుము కడితే 1వ పుస్తకాన్ని, ఆ సూచికల్ని ఎవరైనా చూడవచ్చు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం 57వ సెక్షను ఆ హక్కు మనందరికీ ఇచ్చింది. ఈనాడు ఇంటర్నెట్‌లో దొరికే ఈ.సీ. 1983 నుంచే. అంతకుముందుది కావాలంటే ఆఫీసుకి వెళ్ళాల్సిందే.

పేరే తెలియనప్పుడు పేర్ల సూచిక పనికిరాదు. అందుకని రెండో సూచికలో ఆ ఊరు తీసి, 1908 నుంచి వరసగా చదువుకుంటూ వచ్చాను. మా ముత్తాత పేరూ మా ఇంటి పేరూ "భార్య" అన్న మాట పక్కన ఎక్కడైనా వస్తుందా అని చూడటమే. కొన్ని పేజీలు పొడి పొడి అయిపోయాయి. అక్కడి గుమాస్తా ఒకాయన, "ఎవరి కోసమండీ ఇదంతా, కోర్టు కేసా?" అని అడిగారు. పేరు కోసమని చెప్పాను. మర్నాటి నుంచి ఆయన నేను రాకముందే పుస్తకాలు బల్ల మీద పెట్టించేవారు.

నాలుగో రోజున, 1914 సంవత్సరంలో దొరికింది. క్రయ దస్తావేజు. ఫలానా వారి భార్య, వయస్సు 20, అంటూ తొలి వరసలోనే ఆవిడ పేరు. నూరేళ్ళ తరువాత మా వంశంలో ఆ పేరు చదివిన మొదటివాణ్ణి నేనే అయి ఉంటాను. "నా తండ్రిగారు నాకు పసుపు కుంకుమల నిమిత్తం ఇచ్చియున్న" భూమిని అమ్ముతున్నట్టు ఉంది. ఎకరా ఇరవై సెంట్లు. ఎందుకు అమ్ముతోందో కూడా రాశారు: భర్త చేసిన బాకీలు తీర్చడానికి, ఆయన రంగూన్ ప్రయాణపు ఖర్చులకు. కింద సంతకం చోట నిశానీ.

ఆయన ఓడ ఎక్కినట్టు కాగితం లేదన్నాను కదా. ఆయన్ని ఓడ ఎక్కించిన డబ్బుకి కాగితం ఉంది. అది ఆవిడ పుట్టింటివాళ్ళు ఇచ్చిన పొలం.

హద్దులు పట్టుకుని, ఎఫ్.ఎం.బి. పటంతో ఆ పొలం చూడటానికి వెళ్ళాను. తూర్పున ఉన్న పంటబోదె ఇప్పటికీ ఉంది. పొలం మాత్రం చేపల చెరువు అయిపోయింది. గట్టు మీద కాసేపు నిలబడి వచ్చాను.

"జ్వరం"

మరి తిరిగి ఎందుకు రాలేదు? గ్రామ మునసబులు రాసిన జనన మరణాల రిజిస్టర్లలో కొన్ని పాత కట్టలు ఆ మండల ఆఫీసులో మిగిలి ఉన్నాయి. అనుమతి కోసం దరఖాస్తు పెట్టి మూడు నెలలు ఆగాను.

1918 నవంబరు. మిగతా నెలలు పేజీకి రెండు మూడు వస్తే, ఆ నెల ఒక్కటే పేజీల మీద పేజీలు నడిచింది. చిన్నవాళ్ళు, పెద్దవాళ్ళు, ఒకే ఇంట్లో ముగ్గురు. కారణం గడిలో పై నుంచి కిందికి ఒకటే మాట: జ్వరం, జ్వరం, జ్వరం. ఆ వరసలో మా తాతమ్మ. వయస్సు 24. భర్త పేరు, ఇంటి పేరు, భర్త ఊరు, మూడూ దస్తావేజుతో సరిపోయాయి.

1918 చివరి నెలల్లో ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటిమందికి పైగా ప్రాణాలు తీసిందని చరిత్రకారులు చెబుతారు. ఆ చావుల్లో ఎక్కువభాగం ఊరి లెక్కల్లో ఉత్త జ్వరంగానే నమోదయ్యాయి. మా తాతమ్మది అదేనని నేను అనుకుంటున్నాను. కాగితంలో ఉన్నది మాత్రం జ్వరం అనే. ఆవిడ పుట్టింటికి ఎందుకు వెళ్ళిందో కూడా ఏ కాగితంలోనూ లేదు. తిండికి జరక్క వెళ్ళిందా, ఆడబిడ్డతో పడక వెళ్ళిందా, తల్లిని చూసుకోవడానికి వెళ్ళిందా, ఎవరూ చెప్పలేరు. నాకు తెలిసింది మూడే ముక్కలు. భర్త కోసం తన పొలం అమ్మింది. పుట్టింటికి వెళ్ళినప్పుడు పిల్లాణ్ణి వెంట తీసుకువెళ్ళి బడిలో వేసింది. తిరిగి రాకముందే చనిపోయింది.

మా ఇంట్లో చెప్పుకున్న వాక్యం పూర్తిగా అబద్ధం కాదు. పుట్టింటికి పోయింది, నిజమే. మళ్ళీ రాలేదు, అదీ నిజమే. "వదిలేసి" అన్న ఒక్క మాట మాత్రం మధ్యలో ఎవరో చేర్చారు. ఆ మేనత్త మీద నాకు కోపం లేదు. తల్లిలేని పిల్లాణ్ణి తెచ్చి పెంచి, మన బడిలో చేర్పించింది ఆవిడే. ఏ పూట ఏ కష్టంలో ఆ మాట అందో! కానీ ఆ ఒక్క మాట మూలాన ఒక మనిషి పేరు వందేళ్ళు మా ఇంట్లో పలకకుండా పోయింది.

నాన్నగారికి కాగితాలు మూడూ వరసగా చూపించాను. రిజిస్టరు పేజీ ఫోటో, దస్తావేజు నకలు, మరణాల పేజీ. భూతద్దం పెట్టుకుని ఒక్కొక్క అక్షరం చదివారు. చాలాసేపు ఆ పేరు మీద వేలు పెట్టి ఉంచారు. తరవాత అన్నారు: "మా నాన్నకి ఇది తెలిసి ఉంటే బాగుండేది."

మీరూ వెతకాలనుకుంటే

నా తప్పుల నుంచి నేర్చుకున్నవి నాలుగు మాటలు చెబుతాను. ముందు ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, ఈ పండక్కే అడగండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాసుకోండి, దిద్దకండి. అందులో అబద్ధమూ ఒక ఆనవాలే. తరవాత ఏ సంవత్సరానికి మీ ఊరు ఏ తాలూకా, ఏ జిల్లాయో ఒక పట్టిక వేసుకోండి. ఒక్క కాగితం చూసి నమ్మకండి. రెండు వేర్వేరు చోట్ల ఒకే మాట వస్తేనే ఖాయం చేసుకోండి.

మీ పూర్వులకు ఇనాం భూమి ఉంటే మీరు అదృష్టవంతులు. 1858లో వేసిన ఇనాం కమిషను తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టరులో, భూమి మొదట ఎవరికి, ఏ సేవ కోసం ఇచ్చారో, అప్పటికి ఎవరు అనుభవిస్తున్నారో రాశారు. అర్చకుల కుటుంబాలే కాదు, కుమ్మరి, మంగలి, చాకలి, నీరటి వృత్తి ఇనాముల వాళ్ళూ అందులో కనిపిస్తారు. మీది జమీందారీ గ్రామమైతే, 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత తయారైన ఫెయిర్ అడంగల్ చూడాలి. ఊరి కథలు కావాలంటే, 1821లో చనిపోయిన కల్నల్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తులు ఉన్నాయి. ఆ పనిలో ఆయనకు కుడిభుజాలుగా నిలిచిన కావలి సోదరులు మన ఏలూరువాళ్ళే. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు లెక్కలన్నీ ప్రభుత్వానికి చేరాలి. కొన్ని కట్టలు ఇళ్ళ అటకల మీదే ఉండిపోయాయి. మీ ఊరి పాత కరణంగారి మనవడు మీకు తెలిసినవాడైతే ఒకసారి అడిగి చూడండి.

ఇవన్నీ భూమి ఉన్నవాళ్ళ సంగతి. సెంటు భూమి లేనివాళ్ళ పేరు ఆర్.ఎస్.ఆర్.లో రాదు, దస్తావేజులో రాదు. మనతో చదివినవాళ్ళలో అలాంటి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఎంతమంది ఉన్నారో మనకి తెలుసు. వాళ్ళ తాతల పేరు, తండ్రి పేరు, వృత్తి, ఊరు ఒకచోట సిరాతో రాసి ఉన్నది బడి రిజిస్టరులోనే. పది పుట్ల ధాన్యం పండించే రైతు కొడుక్కీ, ఆ రైతు దగ్గర పాలేరు కొడుక్కీ ఒకే కొలత గడి. వందేళ్ళ కిందటి మన ఊళ్ళో అంత సమానమైన పుస్తకం నాకు ఇంకోటి కనబడలేదు.

అందుకే సంఘానికి నా విన్నపం ఒకటే. ఆ అడుగు అర పుస్తకాల్ని హెడ్మాస్టరుగారి అనుమతితో స్కాన్ చేయిద్దాం. కులం, పుట్టిన తేదీ లాంటి వివరాలు ఉంటాయి కాబట్టి వాటిని బయట పెట్టొద్దు. ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి సంఘం దగ్గర భద్రంగా ఉంచి, ఎవరి ఇంటివాళ్ళు అడిగితే వాళ్ళ పేజీ వాళ్ళకి చూపిద్దాం. స్కానరు నేను తెస్తాను. వేసవి సెలవుల్లో పదిరోజులు వచ్చి కూర్చునే నలుగురు కావాలి. పాత చేతిరాత చదవగల మన మాస్టార్లు ఒకరిద్దరు పక్కన ఉంటే అంతకంటే ఏం కావాలి?

చివరగా ఒక మాట. ఇంత రాసి, ఆవిడ పేరు రాయలేదేమని మీరు అడగవచ్చు. అది నాన్నగారి కోరిక. మళ్ళీ పుష్కరాలు 2027లో. ఏ రేవులో ఆ పేరు దగ్గర ఆగిపోయారో ఆ రేవులోనే ముందుగా తాను పలకాలంటారు. అప్పటికి ఆయనకు 89 ఏళ్ళు వస్తాయి. మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, మెట్లు దిగడం కష్టం. కుర్చీతో సహా దింపుదామని మా బాబాయి, నేను మాట్లాడుకున్నాం.